లేబియాప్లాస్టీ (యోని లోపలి పెదవులని చిన్నవి చేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు ఉన్నారా? మొదటి రెండు వారాలు నిజంగా ఎలా ఉంటాయి?

నందివర్ధనం:

అందరికీ నమస్కారం. ఈ ప్రశ్న మూడుసార్లు టైప్ చేసి తుడిచేశాను, ఈసారి పంపించేస్తున్నాను. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. రోజూ ఉప్పల్ నుంచి స్కూటీ మీద మెట్రో స్టేషన్‌కి, అక్కణ్ణుంచి ఆఫీసుకి.

సమస్య ఏంటంటే, రెండో కాన్పు తర్వాత కింద లోపలి పెదవుల్లో ఎడమవైపుది బాగా సాగి బయటికి వస్తోంది. ఎండాకాలం చెమటకి ఒరుసుకుపోయి సాయంత్రానికి మంట పుడుతుంది. లెగ్గింగ్ కుట్టు సరిగ్గా అక్కడే తగులుతుంది. స్కూటీ దిగేటప్పుడు ఒక్కోసారి చేత్తో సర్దుకోవాల్సి వస్తుంది, నడిరోడ్డు మీద అది ఎంత ఇబ్బందో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. మూత్రం కూడా తిన్నగా రాదు, తొడల మీదికి చిమ్ముతుంది. గైనకాలజిస్ట్‌కి చూపిస్తే ఇది జబ్బు కాదమ్మా, కానీ ఇంత ఇబ్బందిగా ఉంటే తగ్గించే ఆపరేషన్ ఉంది, ప్లాస్టిక్ సర్జన్ని కలవండి అన్నారు. కలిశాను. ఆయన గంటలో అయిపోతుంది, మూడో రోజు ఆఫీసుకి వెళ్లిపోవచ్చు అన్నారు. ఆ మూడో రోజు మాట నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

అందుకే చేయించుకున్నవాళ్లని అడుగుతున్నాను. నొప్పి ఎంత? ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? ఇంట్లో మనిషి సాయం కావాలా? స్పర్శ పోతుందా? అత్తగారికి ఏం చెప్పాలి అన్నది కూడా నాకు పెద్ద ప్రశ్నే.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్తాను. ఆరేళ్ల కింద ఒక పార్లర్‌లో వ్యాక్సింగ్ చేయించుకుంటుంటే అక్కడి అమ్మాయి "మేడం, ఇక్కడ ఇంత నల్లగా ఉందేంటి, మా దగ్గర క్రీమ్ ఉంది, తెల్లబడుతుంది" అంది. అప్పటిదాకా నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు నేను ఈ ఆపరేషన్ కోరుకుంటున్నది మంట వల్లా, ఆ మాట వల్లా అని నన్ను నేనే అడుగుతున్నాను. రెండూ ఉన్నాయేమో.

కృష్ణాతీరం:

చెల్లీ, నాకు ఆపరేషన్ అయి 14 నెలలైంది. విజయవాడలో చేయించుకున్నాను, నీ బాధలన్నీ నావే, స్కూటీతో సహా. మూడో రోజు ఆఫీసు అన్న మాట పక్కన పెట్టెయ్. మూడో రోజు నేను మంచం మీద పక్కకి తిరగడానికే ఆలోచించుకునేదాన్ని. అంతా వరసగా రాస్తాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు.

తారీఖు పీరియడ్ అయిపోయిన రెండు మూడు రోజులకి పెట్టుకోమన్నారు, పుండు పచ్చిగా ఉండగా నెలసరి రాకూడదని. ముందు రక్తపరీక్షలు, షుగర్ చూశారు. మత్తు ఇవ్వకముందే నా చేతికి అద్దం ఇచ్చి, పెన్నుతో గీత గీసి, "ఇక్కడిదాకా తీస్తాను, ఇది ఉంచేస్తాను" అని చూపించారు. ఆ ఐదు నిమిషాలు సిగ్గుతో చచ్చిపోయాను కానీ ఈ రోజుకీ ఆ డాక్టర్‌కి మనసులో దణ్ణం పెట్టుకుంటాను, ఎందుకంటే ఏం జరగబోతోందో కళ్లతో చూశాను. తర్వాత మగతకి ఒక ఇంజెక్షన్, అక్కడికి మాత్రమే మత్తు. ఆ మత్తు సూది నాలుగైదు సెకన్లు గట్టిగా చురుక్కుమంది, తర్వాత లాగుతున్నట్టు తెలిసింది తప్ప నొప్పి లేదు. గంటన్నర పట్టింది. సాయంత్రం ఇంటికి పంపేశారు. బెంజ్ సర్కిల్ నుంచి మా ఇంటిదాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో ఆ రోజు లెక్క తెలిసింది.

మత్తు దిగేదాకా ఇంతేనా అనుకున్నాను. రాత్రి తొమ్మిదికి మొదలైంది. కాన్పు నొప్పితో పోల్చలేం, అది వేరు. ఇది కాలిన చోట గుడ్డ తగిలినట్టు మంట, లోపల దబదబ కొట్టుకోవడం. డాక్టర్ రాసిచ్చిన మాత్రలు టైముకి వేసుకుంటే తట్టుకోగలం, నొప్పి వచ్చాక వేసుకుందాంలే అనుకుంటే మాత్రం ఏడుపే. ఐస్ ముక్కలు కవర్లో వేసి, దాన్ని మా అమ్మ పాత నూలుచీర ముక్కలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోవడం, తీసేయడం. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. నడుం కింద దిండు పెట్టుకుని కాస్త ఎత్తుగా పడుకుంటే వాపు తక్కువగా ఉంటుంది.

మొదటిసారి మూత్రానికి వెళ్లడం అందరూ భయపడేదే. నేను కనుక్కున్న చిట్కా, సాస్ సీసా లాంటి ఒత్తితే నీళ్లొచ్చే ప్లాస్టిక్ సీసా కొత్తది ఒకటి కొని, గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ వెళ్లడం. నీళ్లు కలిసేసరికి మంట సగానికి సగం తగ్గుతుంది. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. హెల్త్ ఫాసెట్ ఫోర్సుగా కొట్టుకోవద్దు, కుట్ల మీద తగిలితే ప్రాణం పోతుంది.

మూడో రోజు అద్దంలో చూసుకున్నాను, చూసుకోవాల్సింది కాదు. వంకాయ రంగులో, ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా, ముందుకన్నా మూడింతలు ఉంది. ఏం చేసుకున్నాన్రా దేవుడా అని బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. వాపు రెండు మూడు రోజులకి బాగా పెరిగి తర్వాత దిగుతుందని డాక్టర్ ముందే చెప్పారు, కానీ చెప్పడం వేరు చూడటం వేరు. నాలుగో రోజు విరేచనం భయం. ముక్కితే కుట్లు లాగుతాయని రోజూ ఇసబ్గోల్, మజ్జిగ, అరటిపండు, నీళ్లు ఎక్కువ తాగాను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. తొమ్మిదో రోజు బాగానే ఉంది కదా అని బాత్‌రూమ్‌లో గొంతుక్కూర్చుని నీళ్ల బకెట్ ఎత్తాను. చిట్లినట్టు అనిపించింది. చూస్తే కుడివైపు చిటికెన వేలి గోరంత మేర కుట్టు విడిపోయి ఉంది. పరిగెత్తుకెళితే డాక్టర్ మళ్లీ కుట్టలేదు, ఈ వాపు మీద కుట్టు నిలవదు, దానంతట అదే పూడుకుంటుంది, శుభ్రంగా ఉంచుకోండి అన్నారు. మూడు వారాలు పట్టింది. అక్కడ చిన్న గాటులా ఉండిపోయింది, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండో వారం నుంచి దురద మొదలవుతుంది, అది మానుతున్న దురద, గోకావంటే అయిపోయావు. కుట్లు కరిగిపోయేవే, రెండు మూడు వారాల్లో ముక్కలు ముక్కలుగా ఊడిపడ్డాయి. నేను స్కూల్ టీచర్ని. ఐదు రోజులు సెలవు పెట్టి చివరికి పదకొండు రోజులు తీసుకున్నాను. నిలబడటం పర్లేదు, చెక్క కుర్చీలో కూర్చోవడమే నరకం. స్కూటీ ఆరు వారాల తర్వాతే. భార్యాభర్తల విషయం కూడా ఆరు వారాలు ఆగమన్నారు, నేను భయంతో ఎనిమిది ఆగాను. స్పర్శ సంగతి అడిగావు కదా, కుట్టు వెంబడి ఐదు నెలలదాకా తిమ్మిరిగా ఉండేది, తర్వాత వచ్చేసింది. మిగతాదంతా మామూలుగానే ఉంది.

ఖర్చు నాకు అన్నీ కలిపి 85 వేలు దాటింది. ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, కాస్మెటిక్ అన్నారు. పైగా 18 శాతం జీఎస్టీ వేశారు, బిల్లు చూసేదాకా నాకు తెలియదు.

మళ్లీ చేయించుకుంటావా అంటే చేయించుకుంటాను. మే నెలలో ఇంటికొచ్చి ఫ్యాన్ కింద కాళ్లు చాపుకుని కూర్చునే ఆ మంట ఈ ఏడాది లేదు. అంతే, దానికోసమే.

మెంతికూర:

నేను చేయించుకోలేదు. వెళ్లి, వద్దనుకుని వచ్చినదాన్ని. అది కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నాను.

నాకు 27. పెళ్లి కుదిరాక భయం పట్టుకుంది, అబ్బాయి ఏమనుకుంటాడో అని. ఇంటర్నెట్‌లో చూసిన బొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయి, నేనొక్కదాన్నే తేడాగా ఉన్నాననుకున్నాను. ఎవరితో అంటాం ఇలాంటివి, అమ్మతో అనలేం, ఫ్రెండ్స్‌తో అనలేం. వరంగల్ నుంచి హైదరాబాద్ ఒక్కదాన్నే వెళ్లి ఒక లేడీ డాక్టర్‌ని కలిశాను. ఆవిడ చూసి, "నీకు నడిస్తే నొప్పా? కూర్చుంటే నొప్పా? మూత్రానికి ఇబ్బందా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. "మరి ఏం తీయమంటావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అరగంట కూర్చోబెట్టి పుస్తకంలో రకరకాల ఆడవాళ్ల ఫోటోలు చూపించారు, ఒకటి ఇంకోదానిలా లేదు. నాలాంటివి అందులో నాలుగైదు ఉన్నాయి. ఫీజు ఇచ్చి బస్సెక్కి వచ్చేశాను.

పెళ్లయి రెండేళ్లైంది. మా ఆయన ఈ విషయం మీద ఒక్క మాట అనలేదు, ఆయనకి తేడా అనిపించలేదు కూడా. అక్కా, మీది నిజమైన ఇబ్బంది, నాది అలాంటిది కాదు. కానీ ఆ పార్లర్ అమ్మాయి మాట మాత్రం లెక్కలోంచి తీసేయండి. క్రీమ్ అమ్ముకోవడానికి అన్న మాట అది.

గైనిక్_సుధ:

నేను గైనకాలజిస్ట్‌ని, జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు. ఇక్కడ మిమ్మల్ని పరీక్ష చేయలేను కాబట్టి అందరికీ పనికొచ్చేవే చెప్తాను.

ముందు రంగు గురించి. అక్కడి చర్మం మిగతా ఒంటికన్నా నల్లగా ఉండటం మన దేశపు ఆడవాళ్లలో సర్వసాధారణం, వయసు వచ్చేటప్పుడు హార్మోన్ల వల్ల, కాన్పుల వల్ల ఇంకాస్త ముదురుతుంది. తెల్లబరిచే క్రీముల వల్ల కాలిపోయి, పొక్కులతో నా దగ్గరికి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

సైజు గురించి. 2005లో లండన్‌లో 50 మంది ఆడవాళ్లని కొలిస్తే లోపలి పెదవుల వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంది. తర్వాత స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో 657 మందిని కొలిచి 2018లో ప్రచురించారు, అక్కడా ఇంతే, ఇదీ మామూలు సైజు అని ఒక గీత గీయలేమని తేలింది. రెండు వైపులా సమానంగా లేకపోవడం కూడా మామూలే. కాబట్టి ఇన్ని సెంటీమీటర్లు ఉంటే ఆపరేషన్ చేయించుకోవాలి అని ఎవరైనా అంటే ఆ మాటకి శాస్త్రం లేదు. మీకు ఇబ్బంది ఉందా, రోజువారీ పనికి అడ్డమొస్తోందా అన్నదే కొలత.

నందివర్ధనం గారూ, మీ మంట మొత్తం ఆ పెదవి వల్లే అని తేల్చుకునే ముందు ఇంకొన్ని చూడాలి. ఫంగస్ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోందా? షుగర్ పరీక్ష చేయించారా? సెంటు వాసన వచ్చే వాష్‌లు, ప్యాడ్‌లు వాడుతున్నారా? పాలిచ్చే తల్లుల్లో, నెలసరి ఆగిపోయినవాళ్లలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఆ చర్మం పల్చబడి కూడా మండుతుంది. తెల్లటి మచ్చలు, రాత్రిళ్లు విపరీతమైన దురద ఉంటే లైకెన్ స్క్లిరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, దానికి మందు వేరే. కుట్టు లేని వదులు కాటన్ లోదుస్తులు, లెగ్గింగ్ బదులు వదులు ప్యాంటు, బయటికెళ్లే ముందు కొంచెం పెట్రోలియం జెల్లీ, ఇవి ఓ రెండు నెలలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే మీరు ఆపరేషన్‌కి తగిన మనిషే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంకో పిల్లని కనాలనుకుంటే మాత్రం అది అయ్యాకే చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆపరేషన్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, బయటికి వచ్చిన అంచుని పొడవునా కత్తిరించి కుట్టడం. నల్లటి అంచు పోతుంది, పని సులువు, కానీ మచ్చ అంచు మీదే పడుతుంది, ఎక్కువ తీసేస్తే మళ్లీ పెట్టలేం. రెండోది, మధ్యలోంచి పుచ్చకాయ ముక్కలా త్రికోణం తీసి రెండు కొసలూ కలపడం. సహజమైన అంచు మిగులుతుంది, అయితే కుట్టు మీద లాగుడు ఎక్కువ, విడిపోయే ప్రమాదం కొంచెం ఎక్కువ. ఏది మీకు సరిపోతుందో పెదవి ఆకారం బట్టి ఉంటుంది. సర్జన్ ఏ పద్ధతి చేస్తారో, ఎందుకో అడగండి. చాలామంది మంచి సర్జన్లు కనీసం ఒక సెంటీమీటరు ఉంచేస్తారు, ఎందుకంటే అది అనవసరపు కండ కాదు, నరాలున్న చర్మం, లోపలి భాగాలకి కాపు. పూర్తిగా తీసేస్తాం అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

లేజర్‌తో చేస్తాం కాబట్టి నొప్పి ఉండదు, మచ్చ ఉండదు అనే ప్రకటనలు చూసే ఉంటారు. లేజర్ కత్తిలాంటి ఒక పనిముట్టు. గాయం గాయమే, మానడానికి పట్టే రోజులు పట్టాల్సిందే.

ప్రమాదాలు కూడా చెప్పాలి. గాయం లోపల రక్తం చేరి గడ్డకట్టడం, చీము పట్టడం, కుట్టు విడిపోవడం, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ అవడం, మచ్చ నొప్పి పెట్టడం, స్పర్శ తగ్గడం లేదా మరీ ఎక్కువవడం, కలయికలో నొప్పి. ఎక్కువమందికి ఇవేవీ రావు, లేదా చిన్నగా వచ్చి పోతాయి. కానీ ఈ ఆపరేషన్ మీద గట్టి పరిశోధన తక్కువ, అది పేషెంటుకి చెప్పి తీరాలని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2020లో రాసింది. 18 ఏళ్లు నిండకుండా అందం కోసం చేయకూడదని బ్రిటన్ గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ 2013లోనే చెప్పింది, శరీరం అప్పటికి పూర్తిగా ఎదిగి ఉండదు కాబట్టి.

ఇంటికెళ్లాక ఒకవైపు హఠాత్తుగా గట్టిగా బంతిలా ఉబ్బినా, గంటలోపు ప్యాడ్ తడిసిపోయినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో చీము వచ్చినా, మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తే డాక్టరేనా అన్నది ఆపరేషన్‌కి ముందే కనుక్కోండి. ఇంకా, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరై ఉన్నారా, లేక గైనకాలజిస్ట్ అయితే ఈ ఆపరేషన్లు ఎన్ని చేశారు అన్నది మొహమాటం లేకుండా అడగండి. కాస్మెటిక్ క్లినిక్ అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపల సర్జన్ ఉంటారని కాదు.

డాలస్_తెలుగమ్మాయి:

డాక్టర్ గారు చెప్పిన ఎక్కువ తీసేయడం అన్నది నాకు జరిగింది. నేనిక్కడ అమెరికాలో ఒక క్లినిక్‌లో చేయించుకున్నాను, పేరు రాయను. మెలకువగా ఉండగానే, కింద మత్తు ఇచ్చి చేశారు. ముందు మాట్లాడినప్పుడు నేను "నీట్‌గా ఉండాలి" అన్నాను. ఆ ఒక్క మాట అన్నాను, అంతే. ఎంత ఉంచాలి, ఎక్కడిదాకా తీయాలి అన్నది ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అద్దం ఎవరూ ఇవ్వలేదు. మానాక చూస్తే ఎడమవైపు దాదాపు ఏమీ మిగల్లేదు, పైన క్లిటొరిస్ దగ్గర చర్మం మడత మాత్రం అలాగే ఉండి ఇప్పుడు ఇంకా పెద్దగా కనిపిస్తోంది. జీన్స్ వేసుకుంటే ముందు ఒరుసుకునేది, ఇప్పుడు లోపల పొడిగా అయి గుచ్చుకుంటుంది. సరిచేసే ఆపరేషన్ కోసం ఆర్నెల్లు ఆగమన్నారు, కణజాలం మెత్తబడాలట. రెండో సర్జన్ కొంత బాగు చేశారు, పోయింది మాత్రం తిరిగి రాదు.

మీరు "నీట్‌గా" అనకండి. "నాకు స్కూటీ మీద నలగకూడదు, మూత్రం తిన్నగా రావాలి, దానికి ఎంత తీయాలో అంతే తీయండి" అనండి. గీత గీసి చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

నందివర్ధనం:

ఇంత రాస్తారనుకోలేదు. రాత్రి రెండుసార్లు చదివాను. సుధ గారూ, మీరన్నట్టు షుగర్ పరీక్ష చేయించాను, మామూలుగా ఉంది. వాసన వచ్చే వాష్ వాడేదాన్ని, మానేశాను. ఓ రెండు నెలలు వదులు బట్టలతో చూస్తాను. మెంతికూర చెల్లీ, నీ మాట మనసులో నాటుకుంది. కృష్ణాతీరం అక్కా, రెండు చిన్న సందేహాలు. మా ఇంట్లో ఒకటే వెస్టర్న్ టాయిలెట్, రాజమండ్రిలో అత్తగారింట్లో ఇండియన్ టాయిలెట్. ఆపరేషన్ అయ్యాక అక్కడికి వెళ్లొచ్చా? ఇంట్లో ఏం చెప్పావు?

కృష్ణాతీరం:

అస్సలు వద్దు, కనీసం నెల రోజులు గొంతుక్కూర్చోవద్దు, నా కుట్టు విడిపోయింది అలాగే. అమ్మకి, అత్తయ్యకి కింద చిన్న గడ్డ తీశారు, బరువులు ఎత్తకూడదన్నారు అని చెప్పాను. ఆడవాళ్లకి ఆ మాట చాలు, ఇంకేం అడగరు. పిల్లలు ఒళ్లో ఎగిరి కూర్చుంటారు, ఆ జాగ్రత్త ముఖ్యం. మా చిన్నోడు ఐదో రోజు ఎక్కేశాడు. ఇంకో మనిషి మాత్రం వారం రోజులు ఇంట్లో ఉండాలి, వంట, స్నానం నీళ్లు, పిల్లల స్కూలు, ఇవన్నీ నువ్వు చేయలేవు.

నందివర్ధనం:

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. బట్టలు మార్చాక దురద, పుండు పడటం బాగా తగ్గాయి, అది నిజం. కానీ స్కూటీ మీద నలగడం, మూత్రం చిమ్మడం అలాగే ఉన్నాయి. వేరే సర్జన్ని కలిశాను, ఈసారి ఆవిడ. రంగు గురించి నేను ఏమీ అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. ఎడమవైపు ఒక్కటే చేద్దాం, కుడివైపు నీకు ఇబ్బంది లేదు కదా, ముట్టుకోను అన్నారు. ఆ మాటకి నాకు సగం టెన్షన్ పోయింది. అద్దం ఇచ్చారు, గీత గీశారు. త్రికోణం పద్ధతి.

ఈ రోజు పన్నెండో రోజు. పది రోజులు సెలవు, తర్వాత వారం ఇంటి నుంచి పని అడిగి పెట్టుకున్నాను. మా ఆడపడుచు వచ్చి ఉంది, తనకి మాత్రం నిజం చెప్పాను. తను రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత "నాక్కూడా అంతే వదినా, ఇరవై ఏళ్లనుంచి" అంది. రాత్రి పదకొండు దాకా ఇద్దరం వంటింట్లో మాట్లాడుకున్నాం.

మూడో రోజు అక్క చెప్పినట్టే వంకాయే. అయితే ముందే తెలుసు కాబట్టి ఏడవలేదు, ఫోటో తీసి డాక్టర్‌కి పంపితే బాగానే ఉందన్నారు. సీసా నీళ్ల చిట్కా నిజంగా దేవుడిచ్చింది. పొద్దున మొదటిసారి మూత్రం తిన్నగా వచ్చింది, చిన్న విషయమే కానీ ఆనందంతో బయటికొచ్చి వదినా అని పిలిచాను తనని, తను నన్ను పిలవాల్సింది పోయి.

ఒక సందేహం. ఇందాక లోదుస్తులకి నల్లటి దారం ముక్క ఒకటి అంటుకుని వచ్చింది, ఇంకోటి సగం ఊడి వేలాడుతోంది, గుచ్చుకుంటోంది. రక్తం లేదు, నొప్పి లేదు. కత్తిరించుకోవచ్చా?

గైనిక్_సుధ:

పన్నెండో రోజుకి కరిగే కుట్లు ఊడటం మొదలవడం మామూలే. లాగొద్దు, ఇంట్లో కత్తెర పెట్టొద్దు. వేలాడేది గుచ్చుకుంటుంటే చిన్న గాజ్ గుడ్డ అడ్డం పెట్టుకుని, పొద్దున మీ సర్జన్‌కి ఫోన్ చేయండి, క్లినిక్‌లో కొస కత్తిరిస్తారు. ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి అద్దంలో చూడండి, ఆ దారం ఉన్నచోట అంచులు రెండూ కలిసే ఉన్నాయా అని. విడిపోయి ఉంటే ఫోటో తీసి ఇప్పుడే పంపండి.

నందివర్ధనం:

చూశాను. కలిసే ఉన్నాయి.